సున్నం కింది పేరు

మా బడిలో ప్రతి ఏడూ ఫౌండర్స్ డే నాడు ఒక ప్రసంగం ఉంటుంది. చదివేది నేనే. "చీకటిలో ఉన్న ఈ ప్రాంతానికి వెలుగు తెచ్చిన మహనీయులు" అని మొదలవుతుంది. రాసింది నేను కాదు, నాకు ముందు పనిచేసిన తెలుగు సారు. చదివిన ప్రతిసారీ నాకు ఒళ్ళు మండుతుంది. మేమేం చీకట్లో లేము. మా అవ్వకు, మా వైపు అమ్మను అవ్వ అంటాం, ఏ చేనులో ఏ కలుపు ఎప్పుడు మొలుస్తుందో తెలుసు. మంచివాళ్ళెవరో చెడ్డవాళ్ళెవరో మనిషి నడక చూసి చెప్పేది. మాకు లేనివి రెండే. జ్వరం వస్తే పోయేందుకు ఒక దవాఖాన, ఆడపిల్లను కూర్చోబెట్టుకునే ఒక బడి. ఆ రెండూ పెట్టినవాళ్ళను పొగడాలంటే మమ్మల్ని చీకట్లోకి తోయనక్కరలేదు.

ఈ మాట ఒకసారి ప్రిన్సిపాల్ సిస్టర్‌తో అంటే, మీరే మార్చి రాయండి టీచర్ అన్నారు. రాస్తానన్నాను. ఎన్నిసార్లు కూర్చున్నా రెండు వాక్యాలు దాటలేదు. ఈ మధ్య జరిగింది జరిగాక ఇక ఆ ప్రసంగం నా వల్ల కాదని తేలిపోయింది. అందుకే ప్రసంగంలో చెప్పలేనిది ఇక్కడ రాస్తున్నాను.

మా బడి జనగామలో. మొదలుపెట్టింది ఎక్కడో చలిదేశం నుంచి వచ్చిన ఒక ఫాదర్, ఆయన వెనకాల వచ్చిన నలుగురు సిస్టర్లు. ఫాదర్ ముసలితనంలో తన దేశం వెళ్ళి అక్కడే కన్నుమూశారు. సిస్టర్లు మాత్రం ఎవ్వరూ తిరిగి పోలేదు. బడి వెనక, వంటశాల దాటాక, ప్రహరీ గోడ పక్కన ఒకే వరుసలో వాళ్ళ సమాధులు నాలుగు. అన్నీ ఒకే పొడవు, ఒకే ఎత్తు. ఒక్కోదానికి తలాపున చిన్న సిమెంటు పలక. రాయి చెక్కించే స్తోమత లేక, సిమెంటు పచ్చిగా ఉన్నప్పుడే ఇనుప మొలతో పేర్లు గీశారట. వరుసకు ఒక చివర నీళ్ళ నల్లా ఉంది. రెండో చివర సీతాఫలం చెట్టు. ఈ రెండు చివరలూ గుర్తుంచుకోండి. నా బాధంతా ఈ రెండు చివరల మధ్యనే ఉంది.

ఆ నలుగురిలో పెద్దామెను అందరూ పెద్ద సిస్టర్ అనేవారు. నేను ఆమెను చూడలేదు, నేను పుట్టకముందే పోయారు. కానీ మా వైపు ముసలివాళ్ళు ఎవరిని కదిలించినా ఆమె ముచ్చటే. చిన్న పెంకుటింట్లో దవాఖాన నడిపేవారట. తెలుగు పుస్తకం పట్టుకుని నేర్చుకోలేదు. కూలికి పోయి కాలు కోసుకున్న ఆడవాళ్ళు, బిడ్డను చంకనేసుకుని వచ్చిన ఆడవాళ్ళు మాట్లాడిందే ఆమెకు తెలుగు. అందుకని ఆ తెల్ల మనిషి నోట, "ఏందే, గోలి మింగినవా, ఉమ్మేసినవా?" అని వచ్చేదట. నేను చదువుకునే రోజుల్లో కోస్తా నుంచి వచ్చిన టీచర్లు మా మాట విని నవ్వేవారు. ఇట్లా కాదు, అట్లా అనాలి అని దిద్దేవారు. అప్పుడు మాలో ఎవరో ఒకరు గొణిగేవాళ్ళం, పెద్ద సిస్టర్‌ను కూడా దిద్దుండ్రి పోయి అని. చూడని మనిషి మాకు అట్లా తోడుండేది.

ఆ దవాఖానలోనే ఒకామె కాన్పై చనిపోయింది. ఆడపిల్ల పుట్టిందని ఆమె భర్త తరఫువాళ్ళు పిల్లను అక్కడే వదిలి శవాన్ని మాత్రం తీసుకుపోయారు. ఆ పిల్లను పెద్ద సిస్టర్ పెంచారు. పాలసీసా పట్టింది ఆమే, గజ్జి లేస్తే మందు పూసింది ఆమే, అక్షరాలు దిద్దించిందీ ఆమే. ఆ పిల్ల పెద్దదై తనూ సిస్టర్ అయింది. నేను బోర్డింగ్‌లో చేరేనాటికి బోర్డింగ్ చూసుకునేది ఆమే. మేము బోర్డింగ్ సిస్టర్ అని పిలిచేవాళ్ళం. ఇక్కడ నేను చెప్పేది ఆమె గురించే.

మాది తరిగొప్పుల దగ్గర ఊరు. అవ్వానాయినలు కూలికి పోయేవారు. ఆరో తరగతికి నన్ను బోర్డింగ్‌లో వేశారు. మేము క్రైస్తవులం కాదు, ఇప్పటికీ కాము. మమ్మల్ని ఎవరూ మారమనలేదు. పొద్దున గంట కొడితే గుడికి పోయి మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం, ఎక్కువసార్లు నిద్రపోయేవాళ్ళం. బోర్డింగ్ సిస్టర్ వెనకనుంచి వచ్చి జడ పట్టి లాగేది. కోపం ముక్కు మీదే ఉండేది ఆమెకు. కానీ ఎవరికైనా జ్వరం వస్తే ఆ రోజు ఆమె మంచం ఆ పిల్లదే, ఆమెకు కింద చాప.

నవంబరులో సమాధుల పండుగ వస్తుంది. క్రైస్తవులు పోయినవాళ్ళను తలుచుకునే రోజు. దానికి రెండు రోజుల ముందు నాలుగు సమాధులకూ సున్నం వేయడం బోర్డింగ్ పిల్లల పని. నాలుగు జట్లు, జట్టుకో సమాధి. సున్నపు రాళ్ళు గాబులో నానబెట్టి, అవి కుతకుత ఉడికి చల్లారాక నీలిమందు కలిపి, ఈత మట్టను దంచి చేసిన కుంచెలతో వేసేవాళ్ళం. ఏది అన్నిటికంటే తెల్లగా ఉంటే ఆ జట్టుకు ప్రైజు. ఒక్కొక్కరికి ఒక మేరిమాత పటం. ప్రైజు ఎవరికో చెప్పేది బోర్డింగ్ సిస్టర్. నల్లా పక్క సమాధి వచ్చిన జట్టుకే ప్రైజు వస్తుందని మాలో ఒక నమ్మకం ఉండేది. నీళ్ళు దగ్గర కాబట్టి పని బాగా కుదురుతుందని అనుకునేవాళ్ళం. చీటీలు వేసేటప్పుడు దానికోసం కొట్టుకునేవాళ్ళం.

నా ఎనిమిదో తరగతిలో ఆ చీటీ నాకు వచ్చింది.

సమాధుల పండుగ దసరా సెలవుల తర్వాత కదా. దసరాకు ఇంట్లో సున్నం వేసేది నేనూ మా అవ్వా. ఆమెది ఒకటే పట్టు, గోడలో సందు ఉండొద్దు. ఎక్కడ చిన్న బొక్క కనబడినా మట్టి పెట్టి మెత్తాలి, ఆరినాకే సున్నం. వదిలేస్తే తేలు దూరుతుంది, జెర్రి దూరుతుంది, పండుగకు వచ్చిన చుట్టాలు ముఖం మీద ఏమీ అనకుండా ఊరికి పోయి చెప్పుకుంటారు. ఆ మెత్తిన చేతులతోనే నేను బోర్డింగ్‌కు తిరిగొచ్చాను. సమాధికి మూడు పూతలు వేసినా తలాపు పలక మీద గీతలు నల్లగా కనబడుతూనే ఉన్నాయి. పాత సున్నంతో సగం పూడి, మిగతా సగంలో దుమ్ము, నాచు. అవి పేరని నాకు తట్టలేదంటే ఇప్పుడు ఎవరూ నమ్మరు. ఆ అక్షరాలు మా పుస్తకాల్లోవి కావు. వాళ్ళ దేశపు కలిపిరాత, నాకు మెలికలు తిరిగిన ఏవో గీతలు. నాకు కనబడ్డవి సందులు.

అప్పుడు వంటశాలకు మేస్త్రీ పని నడుస్తోంది. ఆయన అన్నానికి పోయినప్పుడు గుప్పెడు సిమెంటు తెచ్చి సున్నంలో కలిపాను. ఒక్కో గీతలో వేలితో కూరి, గోనెపట్టతో రుద్ది నున్నగా చేశాను. దాని మీద మళ్ళీ రెండు పూతలు. పలక కడిగిన పళ్ళెం లాగా తెల్లగా వచ్చింది. మా జట్టు పిల్లలు నన్ను మెచ్చుకున్నారు. నేనూ నన్ను మెచ్చుకున్నాను.

బోర్డింగ్ సిస్టర్ చూడటానికి వచ్చింది. మూడు సమాధులు నడుస్తూనే చూసింది. మా దాని దగ్గర ఆగి, వంగి, పలక మీద చెయ్యి పెట్టింది. పెట్టిన చెయ్యి చాలాసేపు తీయలేదు. నా పనితనం చూసి మురిసిపోతోందనుకున్నాను. తర్వాత లేచి, ప్రైజు దీనికే అని చెప్పి, మా వైపు చూడకుండా వెళ్ళిపోయింది. ఆ పటం మా అవ్వ ఇంట్లో మల్లన్న పటం పక్కన తగిలించి, మా పిల్ల పనికి వచ్చిందని ఊరంతా చెప్పుకుంది.

తర్వాతి ఎండాకాలంలో బోర్డింగ్ సిస్టర్‌ను మహబూబాబాద్‌కు మార్చారు. అక్కడ కొన్నేళ్ళు, తర్వాత భూపాలపల్లి. నేను చదువు ముగించి, పెళ్ళి చేసుకుని, ఇదే బడిలో టీచర్‌గా చేరాను. ఒకసారి ఏదో శిక్షణకు భూపాలపల్లి పోయినప్పుడు ఆమెను చూడటానికి వెళ్ళాను. ఆరేసిన తెల్లచీరల మీద బొగ్గు దుమ్ము దులుపుకుంటూ ఆ ఊరిని తిడుతోంది. నన్ను గుర్తుపట్టి కూర్చోబెట్టి టీ ఇచ్చింది. మాటల్లో సమాధులకు సున్నం వేస్తున్నారా అని అడిగింది. ఇప్పుడు పిల్లలతో వేయించడం లేదని, తల్లిదండ్రులు ఒప్పుకోవడం లేదని, కూలి మనిషి వచ్చి రంగు కొట్టి పోతాడని చెప్పాను. మంచిదే అంది. అడగకుండానే పెద్ద సిస్టర్ మాట ఎత్తింది.

"ఆమె పోయినప్పుడు నేను దూరంల ఉన్న, ట్రెయినింగుల. రానియ్యలే. సన్యాసం తీసుకున్నంక తల్లేంది, బిడ్డేంది అన్నరు. నిజమే గదా. ఆమెను నేను ఎప్పుడు సిస్టరనే పిల్చిన. పక్కపొంటి ఎవ్వరు లేనప్పుడు గూడ ఒక్కసారి అవ్వా అనలే."

ఆ రోజైనా నాకు తట్టాల్సింది, ఆ నాలుగింటిలో ఏది పెద్ద సిస్టర్‌దో అడగాల్సింది. అడగలేదు. బస్సుకు టైమైందని లేచాను.

పోయిన ఏడాది ఆమెను జనగామకు తెచ్చారు. షుగర్ వల్ల చూపు పోయింది. తర్వాత పక్షవాతం వచ్చి ఒక పక్క పడిపోయింది. మాట ముద్దగా వచ్చేది కానీ అర్థమయ్యేది. దవాఖానవాళ్ళు ఇక ఇంటికి తీసుకుపొమ్మన్నారు. కాన్వెంటులో కింది గదిలో మంచం వేశారు. వాళ్ళ సన్యాసినుల సభలో సిస్టర్లను మామూలుగా వేరే ఊళ్ళో ఉన్న సొంత శ్మశానంలో పెడతారు. ఈమె తన పైవాళ్ళకు ఒక చిన్న సిస్టర్ చేత ఉత్తరం రాయించిందట. జీవితంలో ఏమీ అడగలేదు, ఇదొక్కటి అడుగుతున్నాను, నన్ను పెద్ద సిస్టర్ పక్కన పెట్టండి అని. వాళ్ళు ఒప్పుకున్నారు.

అప్పుడు మొదలైంది మా పరేషాన్. పెద్ద సిస్టర్ సమాధి ఏది?

ఎవరికీ తెలియదు. నాలుగు పేర్లు తెలుసు, ప్రసంగంలో ఉన్నాయి, ప్రతి ఏడూ నేనే చదువుతాను. ఎవరు ఎక్కడ పడుకున్నారో మాత్రం తెలియదు. పాత రిజిస్టరు తీస్తే చెదలు తిన్న పొడి రాలింది. పలకల మీద ఎన్నో ఏళ్ళ సున్నం, దాని మీద రంగు. బోర్డింగ్ సిస్టర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి అక్కడికి తీసుకుపోయాం. చివరిది అంటుంది. ఏ చివర అంటే ఒకసారి ఇటు చెయ్యి చూపుతుంది, ఒకసారి అటు. నల్లా దిక్కా, చెట్టు దిక్కా అంటే రెంటికీ తలూపుతుంది. పక్షవాతం వచ్చినప్పటినుంచి ఆమెకు కుడి ఎడమలు కలిసిపోయాయి. పైగా పాత గుడి పడగొట్టి కొత్తది ఇంకో దిక్కున కట్టారు, గేటు మారింది, చెట్లు కొట్టేశారు. చూపు లేని మనిషి దేన్ని పట్టుకుని చెబుతుంది? చివరికి, నా చెయ్యి పలక మీద పెట్టుండ్రి, నేను చెప్తా అంది. ఒక్కో పలక మీదా పెట్టాం. తడిమింది. ఎక్కడా అక్షరం లేదు. నాలుగో దాని మీద కూడా తడిమి చేతిని ఒళ్ళో పెట్టుకుంది.

చిన్నప్పుడు నేను కూరిన గీతలు పేరని నాకు అప్పుడు తట్టింది. బడి చరిత్ర తెలిసినది నేనే కాబట్టి ఈ పని నాకు అప్పగించారు. నేనూ ఎగబడి ఒప్పుకున్నాను. గోనెసంచులు తడిపి పలకల మీద కప్పాను, పొద్దున్నే తీసి కొబ్బరిచిప్ప పెంకుతో మెల్లగా గీకాను. బడి విడిచాక సాయంత్రం దాకా అదే పని. సున్నం పొరలు పొరలుగా ఊడింది. కొన్ని పొరల్లో నీలి ఎక్కువ, కొన్నింట్లో తక్కువ. పిల్లలెవరో జాజుతో వేసిన ఎర్రగీత కూడా ఒకచోట కనబడింది, ఇంటి గడప అనుకున్నట్టుంది పాపం. వారం తిరిగేసరికి మధ్యలోని రెండు పలకల మీద పేర్లు తేలాయి. రెండూ వేరే సిస్టర్లవి. మిగిలినవి రెండు చివరలు.

సీతాఫలం వైపు పలక ఎప్పుడో వానకు పెచ్చులూడి గరుకుగా మిగిలింది. అక్షరాల జాడ లేదు. నల్లా వైపుది నాది. దాన్ని చివరికి అట్టిపెట్టుకున్నాను. గీకితే సున్నం పోయింది కానీ నేను కూరిన సిమెంటు పోలేదు. ఉలి పెట్టి చిన్న దెబ్బ కొట్టాను. కూరింది ఊడలేదు, పలక ముఖమే ఒక పెద్ద పెచ్చు లేచి వచ్చింది. చేతిలో పట్టుకుని తిప్పి చూశాను. ఏమీ చదవరాలేదు. ఆ పెచ్చును ఎవరూ చూడకుండా కొంగులో చుట్టి ఇంటికి తీసుకుపోయాను. ప్రిన్సిపాల్ సిస్టర్‌కు మాత్రం రెండు చివరలూ వానకు పోయాయని చెప్పాను. అది నా మొదటి అబద్ధం.

రెండోది ఆ సాయంత్రమే చెప్పాను. కింది గదికి పోయి బోర్డింగ్ సిస్టర్ మంచం పక్కన కూర్చున్నాను. మధ్యలో రెండూ వేరేవాళ్ళవని, చివరలు రెండూ తేలలేదని చెప్పాను. ఆమె కళ్ళు మూసుకునే వింది. తర్వాత బాగున్న చేత్తో నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"నువ్వు ఎనిమిదిల ఉన్నప్పుడు నీకు ప్రైజొచ్చింది గదా బిడ్డా. అది ఏ సమాధికొచ్చింది?"

ఈమెకు తెలుసు అనుకున్నాను. ఆ రోజు పలక మీద చెయ్యి పెట్టి అంతసేపు ఉన్నది మురిసిపోయి కాదు, పేరు పూడ్చేశానని తెలిసి. ఇన్నేళ్ళకు ఇప్పుడు నన్ను నిలదీస్తోంది. పోయే మనిషికి, నీ తల్లి పేరు పూడ్చింది నేనేమో అని ఎట్లా చెప్పడం? అది ఆమె మీద జాలి అని అప్పుడు నాకు నేను చెప్పుకున్నాను. జాలీ కాదు, గీలీ కాదు. బడి చరిత్ర అంతా నోటికి వచ్చిన టీచరమ్మ, ఫౌండర్స్ డేకు మైకు ముందు నిలబడే టీచరమ్మ, ఫౌండర్ పేరునే సిమెంటు పెట్టి మూసిందని నలుగురికీ తెలుస్తుందన్న భయం. సిగ్గు. అంతే.

"యాదికి లేదు సిస్టర్," అన్నాను.

ఆమె ఇంకోసారి అడగలేదు. జర యాది చేసుకో అని కూడా అనలేదు. నా చెయ్యి వదిలి ముఖం గోడ వైపు తిప్పుకుంది. నేను కాసేపు కూర్చుని, దుప్పటి సర్ది, వచ్చేశాను. ఆ తర్వాత నాలుగు రోజులు అటు వెళ్ళలేదు. పేపర్లు దిద్దేది ఉందని చెప్పి పంపాను. ఐదో రోజు పొద్దున గుడి గంట ఆగి ఆగి కొట్టింది, చావు గంట.

ఎక్కడ పెట్టాలన్నది ఆ పూటే తేల్చాల్సి వచ్చింది. రెండు చివరలా ఒక్కో సమాధికి చోటుంది. నల్లా వైపు నీళ్ళు పారి నేలంతా తడి. సీతాఫలం వైపు పొడి. ఏది అయినా కావచ్చు కాబట్టి పొడి నేలలోనే పెడదామని ప్రిన్సిపాల్ సిస్టర్ అన్నారు. మీరేమంటారు టీచర్ అని నన్నే అడిగారు. సరే అన్నాను. పెట్టెను దించేటప్పుడు బోర్డింగ్‌లో ఆమె దగ్గర పెరిగిన ఆడవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి గొల్లున ఏడ్చారు. స్టేషన్ ఘన్‌పూర్ నుంచి వచ్చిన ఒకామె నా భుజం మీద పడి, మనందరికీ తల్లి పోయిందే అంది. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో సగం ఎందుకో ఆమెకు చెప్పలేదు.

నెల రోజులకు ఆమె పేరున పూజ చేయించారు. దానికి కొడకండ్ల నుంచి ఆయమ్మ వచ్చింది. మా రోజుల్లో బోర్డింగ్‌లో వంట చేసిన మనిషి. ముసలితనం వల్ల చావుకు రాలేకపోయింది. పూజ అయ్యాక వరండాలో మా ఇద్దరికీ విస్తళ్ళు వేశారు. పాత ముచ్చట్లు తీసింది. ఎవరు దొంగతనంగా బెల్లం తిన్నారో, ఎవరు గోడ దూకారో అన్నీ ఆమెకు గుర్తే. ఒక్కో ముచ్చటకు తనే నవ్వుతోంది. సమాధులు కనబడుతున్నాయి అక్కడినుంచి. వాటి వైపు చూస్తూ, సిస్టర్‌ను అంత దూరం ఎందుకు పెట్టారని అడిగింది. దేనికి దూరం అన్నాను.

"పెద్ద సిస్టర్‌కు. ఆమెది నల్లా దిక్కుది గదనే. మా సిస్టర్ ప్రైజు ఎప్పుడు గా దానికే ఇచ్చేది. తక్కిన పిల్లలు నా దగ్గరికొచ్చి ఏడ్చేటోళ్ళు. నేను అడిగిన, ఏంది సిస్టర్ గిట్ల చేస్తున్నవ్ అని. మా అవ్వకు నేను ఇంకేమియ్యగలుగుత ఆయమ్మా అన్నది. పక్షపాతం పాపమని ఏటేటా ఫాదర్ దగ్గర ఒప్పుకునేది, మళ్ళ ఏడాది మళ్ళ దానికే ఇచ్చేది."

ఆయమ్మ ఇంకేదో చెబుతోంది, నాకు వినబడలేదు. బోర్డింగ్ సిస్టర్ ఆ సాయంత్రం నన్ను నిలదీయలేదు. ప్రైజు ఏ సమాధికి వచ్చిందో చెబితే చాలు, తల్లి ఎక్కడుందో ఆమెకు తెలిసిపోయేది. ప్రతి ఏడూ తల్లికే ఇచ్చానని చెప్పుకోవడానికి ఆమెకు సిగ్గు. సన్యాసికి తల్లేంటి, పక్షపాతమేంటి అని. అందుకని చుట్టు తిప్పి అడిగింది. ఆమె సిగ్గు ఆమెది, నా సిగ్గు నాది. ఆమె సిగ్గుపడుతూనే అడిగింది. నేను సిగ్గుపడి నోరు మూసుకున్నాను. నా నోట్లో మన్ను పడ, ఒక్క మాట, నల్లా పక్కది సిస్టర్ అని ఒక్క మాట.

ఆ ప్రైజు నా పనితనానికి వచ్చిందని ఇన్నేళ్ళు అనుకున్నందుకు కూడా నా మీద నాకు అసహ్యం వేసింది. పేరు మీద నేను సిమెంటు మెత్తితే, ఆ మెత్తిన పలక మీద చెయ్యి పెట్టి, లోపల ఎంత కలుక్కుమన్నా ఒక్క మాట అనకుండా, ఆమె ఆ ఏడు కూడా తల్లికి ఇవ్వాల్సింది ఇచ్చి వెళ్ళిపోయింది.

ఆ మధ్యాహ్నమే ప్రిన్సిపాల్ సిస్టర్ గదికి పోయి అంతా చెప్పాను. సున్నం, సిమెంటు, పెచ్చు, కింది గదిలో ఆడిన అబద్ధం. ఏడవకుండా చెప్పాలనుకున్నాను కానీ కుదరలేదు. తవ్వి ఇటు మార్చడానికి వీలవుతుందా అని అడిగాను. ఆమె చిన్న వయసు మనిషి, మంచిది. మట్టిలో పెట్టినవాళ్ళను కదిలించకూడదు టీచర్, పైవాళ్ళు ఒప్పుకోరు, పోలీసులు, కాగితాలు అన్నారు. తర్వాత నన్ను ఓదార్చడానికి ఇంకో దారి చూపారు. ఎట్లాగూ అయిదు సమాధులకూ కొత్తగా గ్రానైటు పలకలు చేయిస్తున్నాం. పెద్ద సిస్టర్ పేరు సీతాఫలం వైపు దాని మీద పెట్టిస్తే తల్లీబిడ్డలు పక్కపక్కనే ఉన్నట్టవుతుంది. తెలిసింది మీకూ నాకూ ఆయమ్మకూ. వచ్చి మొక్కేవాళ్ళకు ఏమిటి తేడా, దేవుడికి ఎట్లాగూ తెలుసు.

ఆమె మంచికే అన్నారు. నాకు ఒక క్షణం ఆశ కలిగిన మాట కూడా నిజం.

"వద్దు సిస్టర్. ఆ పేరు ఒకసారి పూడ్చాను. మళ్ళీ పూడ్చను," అన్నాను.

ఈ ఏడు సమాధుల పండుగకు ముందు పలకలు వచ్చాయి. దగ్గరుండి పెట్టించాను. ఏ పేరు ఎక్కడో మేస్త్రీకి నేనే చూపించాను. పండుగ రోజు నల్లా దగ్గర నిలబడి ఆ వరుస చూశాను. ఈ చివర తల్లి. ఆ చివర బిడ్డ. మధ్యలో ముగ్గురు ఉన్నారు. ఆ సాయంత్రం నేను నోరు తెరిచి ఉంటే మధ్యలో ఎవరూ ఉండేవారు కాదు.